పక్కవాళ్లు చెప్పిన జవాబు: వికలాంగుల వార్త, ఓటు, ఉద్యోగం

దేశంలో వికలాంగుల నిరుద్యోగ రేటు 4.2 శాతం. జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, అంటే 2018 జూలై నుంచి డిసెంబరు వరకు ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాల్లో, పదిహేనేళ్లు దాటినవాళ్ల గురించి తేలిన అంకె ఇది. దాదాపు అదే కాలంలో, 2018-19లో, మొత్తం జనాభాకు నిరుద్యోగ రేటు 5.8 శాతం. రెండూ పక్కపక్కన పెడితే వికలాంగుల పరిస్థితే కాస్త నయంగా ఉన్నట్టు కనిపిస్తుంది. వికలాంగులున్న ఏ ఇంట్లోనైనా ఈ మాట చెప్పి చూడండి, నవ్విపోతారు.

అంకె తప్పేమీ కాదు. అది దేన్ని కొలుస్తుందో చూడాలి. పని చేస్తున్నవాళ్లనూ పని కోసం వెతుకుతున్నవాళ్లనూ కలిపితే శ్రామిక శక్తి. అందులో వెతుకుతున్నవాళ్ల వాటా నిరుద్యోగ రేటు. ఆ సర్వే ప్రకారమే వెయ్యి మంది వికలాంగుల్లో శ్రామిక శక్తిలో ఉన్నది 238 మంది. వాళ్లలో 228 మందికి పని ఉంది, పది మంది వెతుకుతున్నారు. పదిని 238తో భాగిస్తే 4.2 శాతం వచ్చేస్తుంది. మరి తక్కిన 762 మంది? వాళ్లు పని అడగడం లేదు కాబట్టి నిరుద్యోగులు కారు. మొత్తం జనాభాలో శ్రామిక శక్తి అప్పట్లో సుమారు సగం. ఇక్కడ నాలుగో వంతు కూడా లేదు.

ఆ 762 మందిలో చదువుకుంటున్నవాళ్లు, ముసలివాళ్లు, మంచం దిగలేనివాళ్లు ఉంటారు, నిజమే. ఒకప్పుడు పని చేసి మానుకోవాల్సి వచ్చినవాళ్లు, పది గుమ్మాలు ఎక్కి దిగి విసిగినవాళ్లు, నోటిఫికేషన్ పడిందన్న సంగతే చెవిన పడనివాళ్లు కూడా అందులోనే కలిసిపోయారు. ఉద్యోగం పోయాక కొన్నాళ్లు వెతికి ఊరుకున్న మనిషికి లెక్కల్లో నిరుద్యోగి అనే హోదా కూడా మిగలదు.

యూనివర్సిటీల్లో ఈ విషయాన్ని ముక్కలుగా పంచేసుకున్నారు. టీవీ, పేపరు ఎవరికి అందుతున్నాయన్నది జర్నలిజం వాళ్ల సబ్జెక్టు. చట్టసభల్లో ఎవరు కూర్చున్నారన్నది రాజనీతి శాస్త్రం వాళ్లది. ఉద్యోగాల సంగతి ఆర్థిక శాస్త్రానిది. ప్రభుత్వంలోనూ తలా ఒక శాఖ. కానీ గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ సింగ్ నగర్‌లోనో ఉండే చూపు లేని యువకుడి జీవితంలో ఇవి విడివిడిగా ఉండవు. వార్త పక్కవాళ్లు చదివి చెప్పాలి. ఓటు దగ్గర పక్కన మనిషి ఉండాలి. సర్వే వాళ్లు వస్తే పక్కవాళ్లే జవాబు చెబుతారు. ఆ పక్కమనిషి లేని రోజున ఉద్యోగం దాకా వెళ్లే దారీ ఉండదు. ఈ మూడు ప్రశ్నలనూ కలిపే దారం ఈ పక్కమనిషే అని నా అభిప్రాయం.

ఉద్యోగం పోయే దారులు

వైకల్యం పుట్టుకతోనే రానక్కర్లేదు. మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఆర్టీసీ డ్రైవరు. వైద్య పరీక్షల్లో కంటిచూపు తేడా వచ్చిందంటే ‘మెడికల్ అన్‌ఫిట్’ అని రాస్తారు. డిపోలో ఆ మాట వినపడగానే ఇంట్లో పొయ్యి సంగతి గుర్తొస్తుంది.

చట్టం మాత్రం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 20వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి, తగిన ఖాళీ వచ్చేదాకానో రిటైరయ్యేదాకానో అందులో ఉంచాలి. 1995 చట్టంలోని 47వ సెక్షన్‌లోనూ ఇదే ఉండేది. ఇది అడిగి తెచ్చుకునే దయ కాదు, సర్వీసు హక్కు.

చిక్కంతా జాబితా దగ్గర వస్తుంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వర్ణాంధత్వం, అంటే రంగులు పోల్చుకోలేకపోవడం, అందులో లేదు. ఆ కారణంతోనే ఉద్యోగం పోయిన ఒక డ్రైవరు కేసు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టులో తేలింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్టీసీలో చేరి, విభజన తర్వాత తెలంగాణ సంస్థ కిందికి వెళ్లిన ఉద్యోగి ఆయన. రంగులు తెలియని డ్రైవర్లకు వేరే పని చూపాలని 1979లో యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ కుదిరిన ఒప్పందం ఒకటి ఉంది. కోర్టు దాన్ని తవ్వి తీసి, అతనికి తగిన మరో ఉద్యోగం అదే జీతం గ్రేడులో ఇవ్వమంది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, మనిషిని కాపాడింది కొత్త చట్టం కాదు. నలభై ఏళ్ల కిందటి సంఘం బేరమాడి రాయించుకున్న కాగితం. సంఘం చేసింది కూడా ప్రాతినిధ్యమే, పోలింగ్ బూత్ అక్కర్లేని ప్రాతినిధ్యం.

ప్రైవేటులో ఈ రక్షణ లేదు. 20వ సెక్షన్ చెప్పేది ప్రభుత్వ సంస్థల గురించే. ఆటోనగర్‌లో లేత్ మిషను మీద వేళ్లు పోయిన కుర్రాడికి ఈఎస్ఐ కార్డు ఉంటే కొంత ఊరట. పది మంది కూడా లేని షెడ్డులో, రోజు కూలీ మీద, పేరే రికార్డులో లేకపోతే ఆసుపత్రి ఖర్చు యజమాని మంచితనం మీద ఆధారపడుతుంది. తర్వాతి నెల ఆ మిషను ముందు ఇంకొకరు నిలబడతారు. ఏ సర్వేలోనూ దాన్ని ‘ఉద్యోగం పోవడం’ అని రాయరు.

ఇక రెండో దారి: మనిషి బాగానే ఉంటాడు, ఉద్యోగమే మాయమవుతుంది. ఎస్టీడీ బూత్ గుర్తుందా? పసుపు బోర్డు, అద్దాల చెక్క గది, ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు, గరగరమంటూ బిల్లు కక్కే బుల్లి ప్రింటరు. బూత్‌ల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చేవారు. బస్టాండు దగ్గర, ఆసుపత్రి ఎదుట, కోర్టు గేటు పక్కన ఎందరికో అదే సంసారం. సెల్‌ఫోన్ వచ్చి రేట్లు పడిపోయాక ఒక్కొక్కటీ జెరాక్స్ షాపుగానో రీచార్జి కొట్టుగానో మారాయి, కొన్ని మూతపడ్డాయి. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో చూపు లేనివాళ్లకు ఎక్కువగా ఇచ్చిన టెలిఫోన్ ఆపరేటరు పోస్టుదీ ఇదే కథ. ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అనే యంత్రం ఆ కుర్చీలో కూర్చుంది. సాంకేతికత వల్ల ఉద్యోగాలు పోతాయని ఇప్పుడు కృత్రిమ మేధ గురించి గుండెలు బాదుకుంటున్నారు గానీ, వికలాంగులకు ఆ అనుభవం ఇరవై ఏళ్ల కిందటే అయింది. అప్పుడు దాని మీద టీవీలో డిబేట్ పెట్టినవాళ్లు కనపడలేదు.

మూడో దారి నెమ్మదిగా ఉంటుంది, బయటికి కనపడదు. కుర్చీ ఉంటుంది, జీతం ఉంటుంది, పని చేతికి రాదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ మారుతుంది. పాతది స్క్రీన్ రీడర్‌తో, అంటే తెరమీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో, పలికేది, కొత్తదాంట్లో బటన్లన్నీ బొమ్మలు. హాజరు యాప్ ముఖం చూపించమంటుంది. కెమెరాకు ముఖం సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూపు లేనివాడికి ఎలా తెలుస్తుంది? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కేవైసీ, అంటే బ్యాంకుల్లాంటి చోట్ల మనిషి గుర్తింపును సరిచూసే పద్ధతి, విషయంలో ఇచ్చిన తీర్పు ఈ కోవలోదే. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు వేసిన కేసు అది. డిజిటల్ సేవలు అందరికీ అందేలా ఉండటం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. కళ్లు ఆర్పితేనే మనిషి బతికున్నట్టు నమ్మే యాప్, కనురెప్పలు లేని మనిషిని ఏం చేయాలో ఆలోచించలేదు మరి.

నోటిఫికేషన్ ఫొటోగా మారితే

వార్త అందకపోవడానికీ ఉద్యోగం పోవడానికీ సంబంధమేమిటంటారా? ఒక ప్రకటన నడిచే దారి చూద్దాం.

ఆఫీసులో గుమస్తా కంప్యూటర్లో తెలుగులో ప్రకటన టైపు చేస్తాడు. ప్రింటు తీస్తారు. అధికారి సంతకం, స్టాంపు. ఆ కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా వెబ్‌సైట్లో పెడతారు. ఎవరో దాన్ని ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో వేస్తారు. అక్కడి నుంచి నలభై గ్రూపులు. చూపున్నవాడికి ఏ దశలోనూ ఇబ్బంది లేదు. చూపు లేనివాడి ఫోన్లో టాక్‌బ్యాక్, అంటే ఫోన్లోనే ఉండే స్క్రీన్ రీడర్, ఆ మెసేజి దగ్గర ఆగి ‘ఫొటో’ అంటుంది. అంతే. అది ఉద్యోగ ప్రకటనో, శుభోదయం గులాబీ పువ్వో తేడా తెలియదు. ఇప్పుడు ఫొటోలోని అక్షరాలు చదివే యాప్‌లు తెలుగు కూడా బాగానే పలుకుతున్నాయి. కానీ స్టాంపు కింద పడ్డ తేదీ దగ్గర, గళ్ల పట్టికలోని అంకెల దగ్గర అవి తడబడతాయి. ప్రకటనలో అసలు కావలసింది ఆఖరు తేదీ.

మొదటి దశలో ఇంకో చిక్కుంది, అది మన తెలుగుకు ప్రత్యేకం. విజయవాడ, గుంటూరు డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచింది అను ఫాంట్లే. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో తెరమీద తెలుగు అక్షరం కనపడుతుంది గానీ లోపల కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడే. బొమ్మ మాత్రం తెలుగుది. కాబట్టి ఆ ఫైలును స్క్రీన్ రీడర్‌కు ఇస్తే తెలుగు పలకదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వల్లిస్తుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది, అందుకే అది పలుకుతుంది, వెతికితే దొరుకుతుంది. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే, 1991లోనే, తెలుగుకు చోటుంది. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరూ ఉంది. అంటే పరికరం ఉంది, భాషకు చోటుంది, మధ్యలో టైపు చేసే అలవాటు ఒక్కటి అడ్డం. పేజీలను బొమ్మలుగా పెట్టే ఈ-పేపర్లదీ అదే తీరు.

ఈ లెక్కన వాట్సాప్‌లోనే అక్షరాలతో జవాబిచ్చే ‘మన మిత్ర’ లాంటి సేవ మేలు. ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోనే ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న దాన్ని మొదలుపెట్టింది. వంకర అక్షరాల క్యాప్చా అడిగే పోర్టల్ కన్నా మామూలు మెసేజి టాక్‌బ్యాక్‌కు సులువు. అయితే చివర్లో వచ్చే పత్రం స్కాన్ చేసిన బొమ్మ కాకూడదు.

టీవీ దగ్గరికి వద్దాం. వినికిడి లేనివాళ్ల కోసం కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019 సెప్టెంబరులో ప్రమాణాలు ప్రకటించింది. వార్తా ఛానళ్లు రోజుకు కనీసం ఒక బులెటిన్, మిగతా ఛానళ్లు వారానికి కనీసం ఒక కార్యక్రమం సబ్‌టైటిళ్లతోనో సైగల భాషతోనో ఇవ్వాలన్నది మొదటి మెట్టు. మినహాయింపులు చదివితే అసలు సంగతి తెలుస్తుంది: లైవ్ వార్తలు, లైవ్ చర్చలు, ప్రకటనలు. తెలుగు వార్తా ఛానల్ పొద్దున్నుంచి రాత్రిదాకా చూపించేది మరి ఈ మూడే కదా! ఆరుగురు ఒకేసారి అరుచుకునే డిబేటుకు సబ్‌టైటిల్ వేయడం ఎవరి తరమూ కాదనుకోండి. విన్నవాళ్లకు మాత్రం ఏం అర్థమవుతుంది?

చూపు లేనివాళ్లకు టీవీ వినపడుతుంది కాబట్టి సమస్య లేదనుకుంటాం. ‘స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబరుకు ఫోన్ చేయండి’ అంటారు యాంకరు, నంబరు మాత్రం చదవరు. దీనికి కొత్త చట్టాలు అక్కర్లేదు. పది అంకెలు పైకి చదివితే చాలు.

ఇంకో పొర ఉంది. సబ్‌టైటిల్ వేస్తే వినికిడి లేనివాళ్లందరికీ అందినట్టేనా? 2018 సర్వేలో ఏడేళ్లు దాటిన వికలాంగుల్లో అక్షరాస్యత 52.2 శాతమే. పుట్టుకతో వినికిడి లేని చాలామందికి మొదటి భాష సైగలే, తెలుగు వాక్యం రెండో భాష. తెలుగు సబ్‌టైటిల్ చాలక, సైగల భాష అనువాదకులు కావాలంటే తగినంత మంది లేరు. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం ఏర్పడిందే 2015లో. సినిమాలకు సబ్‌టైటిళ్లు, దృశ్య వర్ణన ఉండాలని 2024 మార్చిలో మార్గదర్శకాలు వచ్చాయి. వినోదం సంగతి అలా ఉంచి ప్రాణం మీదికి వచ్చే వార్తలు చూద్దాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అలాంటి రాత్రి మైకు ఆటో హెచ్చరిక వినికిడి లేనివాళ్లకు చేరదు, వాట్సాప్‌లో తిరిగే మ్యాపు ఫొటో చూపు లేనివాళ్లకు చేరదు. రెండూ వాడితేనే ఇద్దరికీ చేరుతుంది.

2016 చట్టం 42వ సెక్షన్ ఈ మాధ్యమాలన్నీ అందుబాటులో ఉండాలనే చెబుతుంది. ఎక్కడ బెసికిందంటే నియమాల దగ్గర. చట్టం ‘తప్పనిసరి’ అంటే దాని కింద రాసిన 15వ నియమం మార్గదర్శకాలను చూపించి వదిలేసింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ నియమం చట్టానికే విరుద్ధమని కొట్టేసి, కనీసం ఇవి తప్పవు అనే ప్రమాణాలను విడిగా రాయమంది.

ఓటు వేయడం వేరు, సీటు దొరకడం వేరు

ఓటు దగ్గర మనవాళ్లు కొంత పని చేశారు, ఒప్పుకోవాలి. ఓటింగు యంత్రం మీద బ్రెయిలీ అంకెలను మొదట పరీక్షించింది అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2004లో హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. 2024 ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలిచ్చారు.

అయినా రహస్యం సగమే. యంత్రం మీద బ్రెయిలీలో ఉండేది వరుస సంఖ్య. ఏ సంఖ్య ఎవరిదో విడిగా ఇచ్చే బ్రెయిలీ పత్రం చూసి గుర్తుపెట్టుకోవాలి. బ్రెయిలీ రాకపోతే ఎన్నికల నియమాల్లోని 49ఎన్ కింద 18 ఏళ్లు నిండిన తోడు మనిషిని తీసుకెళ్లవచ్చు. ఆ తోడు మనిషి రహస్యం బయటపెట్టనని హామీ రాసిస్తాడు. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది, చూపున్నవాడికి. బటన్ నొక్కింది తనే అయినా పడింది ఎవరికో చూపు లేనివాడికి పక్కవాళ్లే చెప్పాలి.

సీటు విషయంలో ముందు లెక్క కావాలి. ఎంతమంది వికలాంగులు పోటీ చేశారు, ఎంతమంది గెలిచారు? అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి. వైకల్యం గడి లేదు. మహిళలు ఎందరో, ఎస్సీ ఎస్టీలు ఎందరో క్షణంలో చెప్పగల విశ్లేషకులు ఇక్కడ నోరు మూసుకోవాల్సిందే. గడి పెట్టడం మంచిదా అన్నది వేరే వాదన. వైకల్యం చెప్పుకోవడం ఇష్టం లేని అభ్యర్థీ ఉంటారు.

ఒక మనిషి గురించి మాత్రం అందరికీ తెలుసు. చిన్నప్పుడే పోలియో సోకి ఊతకర్రల మీద నడిచిన ఎస్. జైపాల్ రెడ్డి రెండుసార్లు, 1997-98లో ఒకసారి, 2004-05లో మరోసారి, కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా చేశారు. 1990లో చేసి అటకెక్కించిన ప్రసార భారతి చట్టం ఆయన హయాంలోనే 1997లో అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి, దూరదర్శన్‌ల స్వతంత్రత కోసం చేసిన పని అది. ఛానళ్లలో సబ్‌టైటిళ్ల ప్రమాణాలు మాత్రం 2019దాకా రాలేదు. ఇది ఆయన మీద నింద కాదు. వికలాంగుడైన నాయకుడు ఉండటం ఒకటి, వికలాంగుల తరఫున పని జరగడం ఇంకొకటి. మొదటిది ఉంటే రెండోది దానంతట అదే వస్తుందని పరిశోధకులెవరూ చెప్పరు. ఒక్క మనిషి ఉంటే అందరూ ఆయన ప్రతిభను మెచ్చుకుంటారు. పది మంది ఉంటేనే వాళ్ల సమస్య ఎజెండాలోకి వస్తుంది.

పాత చట్టాల్లో తలుపే మూసి ఉండేది. ఒడిశా మున్సిపల్ చట్టం కుష్టు రోగులను కౌన్సిలరు పదవికి అనర్హులను చేస్తే, 2008లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. ఇప్పుడు గాలి అటువైపు లేదు. తమిళనాడు 2025లో చట్టం సవరించి ప్రతి గ్రామ పంచాయతీకీ, పట్టణ సంస్థలకూ వికలాంగులను నామినేట్ చేసే పద్ధతి తెచ్చింది. నామినేషన్ అంటే ఎవరు పెట్టారో వాళ్ల మాట వినాల్సి వస్తుందనే భయం ఉంది. నా మట్టుకు, గదిలోకి అడుగుపెట్టకుండా బయట నిలబడటం కన్నా అది మేలు. కౌన్సిల్ మీటింగు ఎజెండాను చదవగలిగే ఫైలుగా ఇవ్వమని అడగడానికైనా లోపల ఒక మనిషి ఉండాలి.

ఎందరున్నారో ఎవరు చెప్పాలి

2011 జనగణనలో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. 2018 సర్వేలోనూ 2.2 శాతమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక మాత్రం ప్రపంచ జనాభాలో 16 శాతం అంటుంది. మన దగ్గర అంత తక్కువ ఎలా?

ప్రధానంగా ప్రశ్న వల్ల. ‘మీ ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగితే పెళ్లికి ఎదిగిన పిల్ల ఉన్న ఇంట్లో లేరనే అంటారు. తాతయ్యకు చెవుడంటే అది వయసు, వైకల్యం కాదంటారు. ‘కళ్లజోడు పెట్టుకున్నా చూడటం కష్టమవుతుందా? మెట్లు ఎక్కడం కష్టమా?’ అని చేసే పని గురించి అడిగితే జవాబు మారిపోతుంది. ఈ తేడా కాగితం మీదిది కాదు. విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు. జనాభా వాటా ప్రకారం సీట్లనుకుంటే 2.2 శాతానికి ఒకటిన్నర సీటు కూడా రాదు, 16 శాతానికి పది వస్తాయి. గుంటూరులో 57 డివిజన్లకు ఒకటి, లేదా తొమ్మిది. ప్రశ్న అడిగిన తీరే బలాన్ని నిర్ణయిస్తోంది.

జవాబు చెప్పేదెవరన్నది ఇంకా పెద్ద తిరకాసు. సర్వే వాళ్లు తలుపు తడితే ఇంటాయనో వదినో మాట్లాడతారు. ‘వాడికేం తెలియదండీ, నేను చెబుతాను.’ పని కోసం వెతుకుతున్నావా అన్న ప్రశ్నకు ఆ కుర్రాడి తరఫున వదిన ‘ఏం చేస్తాడండీ, ఇంట్లోనే ఉంటాడు’ అంటుంది. ఫోన్లో రోజంతా ఉద్యోగ ప్రకటనలు వింటున్నవాడు అలా 762లో చేరిపోతాడు.

దీనికి తిరగేసిన కథా ఉంది. రాష్ట్రంలో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచం పట్టినవాళ్లకు 15,000. దాని వెంటే 2025లో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల పునఃపరిశీలన, నోటీసులు. ఆ తర్వాత ఎవరు పలకా బలపం పట్టుకుని వచ్చినా ‘పింఛను తీసేయడానికి వచ్చారేమో’ అన్న అనుమానమే ముందు పుడుతుంది. టిఫిన్ బండి దగ్గర లెక్క చూసుకునే మనిషి కూడా ‘ఏ పనీ లేదు’ అనే చెబుతాడు. అంటే పని చేయాలనుకునేవాళ్లూ పని చేస్తున్నవాళ్లూ ఇద్దరూ అంకెల్లో తగ్గిపోతారు. వెయ్యికి 238 మంది, అంటే 23.8 శాతం, అన్న అంకెను చదివేటప్పుడు ఈ రెండు తగ్గింపులనూ గుర్తుంచుకోవాలి.

విజయవాడ, గుంటూరుల మధ్య, హైవే పక్కనే ఉన్న నాగార్జున యూనివర్సిటీలో ఏ విద్యార్థి అయినా దీని మీద ప్రాజెక్టు చేయాలనుకుంటే మొదటి ఉచ్చు గూగుల్ ఫారం. మీడియా అందుబాటు మీద సర్వేను వాట్సాప్ లింకుగా పంపితే జవాబిచ్చేది అందుబాటు ఉన్నవాళ్లే. ‘90 శాతం మందికి ఇబ్బంది లేదు’ అని తేలిపోతుంది. రెండో ఉచ్చు సచివాలయంలో దొరికే పింఛను జాబితా. 2018 సర్వే నాటికి దేశంలో సర్టిఫికెట్ ఉన్న వికలాంగులు 28.8 శాతమే. జాబితా నుంచి మొదలుపెడితే అది దొరకని మనిషి మళ్లీ బయటే ఉంటాడు.

ఒక వీధిని ఎంచుకుని ఇంటింటికీ వెళ్లడం మేలు. చేసే పని గురించి ప్రశ్నలు అడగాలి, ఆ మనిషినే అడగాలి, వినికిడి లేనివాళ్ల దగ్గరికి సైగల భాష తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లాలి. తప్పనిసరై ఇంట్లోవాళ్లు జవాబు చెబితే, చెప్పింది ఫలానావాళ్లు అని పక్క గడిలో రాసుకోవాలి. ఆ గడి ఉంటే ఒకే ప్రశ్నకు సొంత జవాబుకూ పక్కవాళ్ల జవాబుకూ ఎంత తేడా ఉందో కొలవవచ్చు. ఉద్యోగం గురించి ‘ఉందా, లేదా’ అని కాకుండా ‘ఆఖరి పని ఎప్పుడు, ఎందుకు ఆగింది, తర్వాతి ఖాళీ సంగతి మీకు ఎవరు చెప్పారు’ అని అడిగితే వార్తకూ పనికీ ఉన్న ముడి బయటపడుతుంది.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్న జనగణన ఫోన్ యాప్‌ల మీద నడుస్తుంది, ఇంట్లోవాళ్లే వివరాలు నింపుకునే పోర్టల్ కూడా ఉంటుంది. ఆ పోర్టల్ టాక్‌బ్యాక్‌తో పలికితే చూపు లేనివాళ్లు ఇంటిల్లిపాది వివరాలనూ తామే నింపగలరు. పలక్కపోతే వాళ్ల వివరాలు కూడా వదినే నింపుతుంది.